బుర్గి దాచిన మాట

"ఏమీ లేదు."

శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకి ఫోన్లో చెల్లెలితో అన్న మాటలవి. శనివారం పొద్దున కళ్ళు తెరిచేసరికి అవి ఇంకా బుర్గి గొంతులోనే అడ్డంపడి ఉన్నాయి.

అబద్ధమాడే మనిషి కాదు బుర్గి. ఓబర్‌ముర్ ఊళ్ళో ఎవర్నడిగినా ఆ ముక్కే చెబుతారు. ఊరి మీది కొండల్లో ముప్ఫయ్యేళ్ళు మంచు కొలిచిన సెరాఫిన్‌కి పెద్దకూతురు. ఆయన పోయాక పదకొండేళ్ళుగా ఆ పని ఆమెదే. చలికాలమంతా స్కీలు కట్టుకుని పైకెళ్ళడం, నడుంలోతు గొయ్యి తవ్వడం, మంచు పొరల్ని ఒక్కొక్కటే వేలితో నొక్కి చూడటం, చూసింది చూసినట్టు నీలం అట్ట పుస్తకంలో రాయడం. ఏ వాలు మీద మంచు చరియ విరిగిపడేలా ఉందో, ఏ దారి మూయాలో ఊరి సంఘం ఆ పుస్తకం చూసే తేల్చేది.

శుక్రవారం మధ్యాహ్నం వైస్‌కార్ వాలు అంచున తవ్విన గొయ్యిలో ఆమెకి ఆ పొర కనబడింది. పైన మోకాలెత్తు కొత్త మంచు. గాలి దాన్ని మోసుకొచ్చి పలకలా బిగించింది. కింద, జనవరి చివర్లో ఆకాశం నిర్మలంగా ఉన్న రోజుల్లో పూసిన మంచు ఈకలు. గాజు ముక్కల్లా పలచగా, నిలబడినవి నిలబడినట్టే ఉన్నాయి. అంత బరువు పలకా ఆ ఈకల మీద ఊరికే కూర్చుని ఉంది, అతుక్కోలేదు. బుర్గి ఒక దిమ్మ కోసి, దానిమీద పార ఆనించి, మణికట్టుతో తట్టింది. ఒకటి. రెండు. మూడో దెబ్బకి దిమ్మ సొరుగు లాగినట్టు జారి ఆమె ఒళ్ళో పడింది. 'ఒక్క మనిషి బరువు చాలు' అని పుస్తకంలో రాసుకుంది.

ఆ సాయంత్రమే అఫ్రా సంఘం ఆఫీసునుంచి ఫోన్ చేసి అడిగింది. "అక్కా, వైస్‌కార్ వైపు కొత్తగా ఏమైనా ఉందా?"

"ఏమీ లేదు."

ఎందుకలా అన్నదంటే, బుధవారం సంగతి చెప్పాలి. పట్నంలో నాలుగేళ్ళు మంచు శాస్త్రం చదివి నిరుడే తిరిగొచ్చిన అఫ్రాని సంఘానికి పెద్దని చేశారు. బుధవారం అందరూ కూర్చున్నప్పుడు బుర్గి ఏదో చెప్పబోతే, "అక్కవి కళ్ళ లెక్కలు. సంఘానికి కావలసింది కొలతలు" అంది చెల్లెలు నవ్వుతూ. అందరూ నవ్వారు. ఎవరు నవ్వినా బుర్గి దులుపుకు పోయేది. కాసియన్ కూడా నవ్వాడు.

కాసియన్ కొండదారి చూపే మనిషి. ఎండాకాలం వైస్‌కార్ బసని నడిపేదీ అతనే. ఐదు చలికాలాలు బుర్గీ అతనూ కలిసే పైకెళ్ళారు. అతను నోరు తెరిచి ఏమీ అనలేదు, ఆమె అడగలేదు. ఒక్కసారి మాత్రం, "వచ్చే వేసవికి బసలో వంటిల్లు నువ్వు చూసుకోకూడదూ" అన్నాడు. ఆ ఒక్క మాటనీ బుర్గి రెండేళ్ళు గుండెల్లో దాచుకుంది. అఫ్రా వచ్చాక ఆ ఊసే లేదు.

'ఈ ఒక్క పూటకీ దాని కొలతలే దాన్ని కాపాడనీ. పొద్దున ఏడింటికల్లా, ఆఫీసుకెళ్ళేలోపు, నేనే చెప్పేస్తాను' అనుకుని పడుకుంది. తెల్లవారేదాకా కన్ను అంటలేదు. అంటుకున్నాక ఏడు దాటిపోయింది.

వంటింట్లో తల్లి ఇనప మూకుట్లో పాలపిండి జావ కలుపుతోంది.

"ఎనిమిదింపావే బుర్గీ. మీ నాన్న ఉంటే ఈపాటికి రెండు గోతులు తవ్వేవాడు."

"అఫ్రా ఏదమ్మా?"

"ఆరున్నరకే వెళ్ళిందిగా. కాసియన్ వచ్చి తీసుకెళ్ళాడు."

"శనివారం దానికి ఆఫీసు కదా!"

"మానేసిందట. అతను రమ్మన్నాడట." తల్లి మూకుట్లోకి చూసి ముసిముసిగా నవ్వుకుంది. "ఇద్దరూ గుమ్మంలో నిలబడితే ఎంత ముచ్చటగా ఉన్నారనుకున్నావ్! నీకేమైనా తెలుసా? నాకెవరూ ఏమీ చెప్పరు గానీ, ఈ ముసలి కళ్ళకి కనబడదంటావా?"

బుర్గి రొట్టె ముందుకి లాక్కుని కోయసాగింది. "ఎటు వెళ్ళారు?" అంది ముక్తసరిగా.

"ఉత్తరాదినుంచి ఆరుగురు దిగారు కదా, వాళ్ళని వెంటబెట్టుకుని. వైస్‌కార్ మీదుగా అవతలి లోయలోకి దిగి, బస్సులో తిరిగొస్తారట."

రొట్టె కోస్తున్న బుర్గి చెయ్యి ఆగిపోయింది.

"వైస్‌కార్ మీదుగానా?"

"అదే అన్నాడు. ఏమే, అలా పాలిపోయావేం? కూర్చో, నాలుగు ముద్దలు తిను..."

బుర్గి అప్పటికే వరండాలో ఉంది. ఫోన్ రెండుసార్లు చేసింది. కొండ భుజం దాటాక అక్కడ ఏ ఫోనూ మోగదు, ఆ సంగతి ఆమెకి తెలుసు. రక్షణదళం నంబరు నొక్కబోయి ఆగింది. ఏమని చెప్పాలి? చరియ పడలేదు. పడుతుందని నాకు నిన్ననే తెలుసు, చెప్పలేదు అని చెప్పాలి. 'నేనెక్కితే గంటన్నర' అనుకుని ఫోన్ జేబులో వేసుకుంది. ఊరందరి ముందూ నోరు విప్పడం కంటే కొండెక్కడమే తేలికనిపించింది ఆ క్షణాన. అది రెండో తప్పు.

*

పైకి పోయే జాడ ఒక్కటి చాలు. ముందు నడిచేవాడు మంచులో గాడి తీస్తాడు, వెనకవాళ్ళందరూ ఆ గాడిలోనే వస్తారు. ఎవరైనా అంతే, ఊపిరి దండగ చేసుకోరు.

దేవదారు అడవి దాటగానే బుర్గికి జాడలు రెండు కనబడ్డాయి.

ఒకటి ఏడుగురు నడిచిన లోతు గాడి. దాని పక్కనే, చేతికందే దూరంలో, పలచగా ఇంకోటి. ఆ రెండూ కలిసి వంపులు తిరిగాయి, కలిసి ఆగాయి. ఆగినచోట స్కీకర్రల గుంటలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. మంచు జాడలు చదవడంలో బుర్గిని మించినవాళ్ళు ఆ లోయలో లేరు. ఆ తెలివే ఇవాళ ఆమెకి శత్రువైంది. కబుర్లు చెప్పుకోవాలనుకున్నవాళ్ళు తప్ప ఎవరూ రెండో గాడి తీసుకుంటూ ఎక్కరు. ఐదేళ్ళలో కాసియన్ తనతో ఒక్కసారైనా పక్కపక్కన ఎక్కాడా? ఎప్పుడూ ముందు అతను, వెనక తను. అతని సంచినే చూస్తూ ఎక్కింది.

'అక్కడ అఫ్రా నవ్వి ఉంటుంది. ఇక్కడ అతను ఏదో అని ఉంటాడు.'

దాని నోరు మంచిది. ముక్కు మంచిది. చదువూ మంచిదే. చిన్నప్పుడు ఇంట్లో కొత్త స్కీలు ముందు ఎవరికి కొన్నా చివరికి అఫ్రా కాళ్ళకే వెళ్ళేవి. 'చిన్నది కదే' అనేది అమ్మ. ఇప్పుడూ చిన్నదేనా? ఇరవయ్యెనిమిదేళ్ళు వచ్చినా చిన్నదేనా?

అలా ఉడికిపోతూనే కాళ్ళని మాత్రం పరుగు పెట్టించింది. గాలి పడమటినుంచి మారి శిఖరాల మీద తెల్లటి జెండాలెగరేస్తోంది. అంటే వైస్‌కార్ వాలు మీదికి ఇంకా మంచు పోగుపడుతోందన్నమాట. చదును నేల మీద నాలుగడుగులు వేసిందో లేదో, కాళ్ళ కింద "వుమ్మ్" మంది. చుట్టూ ఇంటి ముంగిలంత మంచు ఒక్కసారిగా వేలెడు కిందికి దిగింది. ఈకలు విరిగిన చప్పుడది. చదునులో కాబట్టి సరిపోయింది. ఇదే వాలు మీదైతే?

ఆ చప్పుడుకి అసూయ, కోపం, అన్నీ పక్కకి తప్పుకుని ఒక్క భయమే మిగిలింది. బుర్గి పళ్ళు బిగించి ఎక్కింది.

*

బస ఒక రాతిదిబ్బ మీద ఉంటుంది. ఎంత పెద్ద చరియ వచ్చినా దాన్ని తాకకుండా పక్కలకి చీలిపోతుందని పెద్దలు చూసి మరీ కట్టారు. బుర్గి దిబ్బ ఎక్కేసరికి ఎండ పడే గోడవైపు బల్ల మీద నలుగురు కూర్చుని పంది మాంసపు పలచటి ముక్కలు గట్టి రొట్టెతో నములుతున్నారు. తలుపు దగ్గర అఫ్రా నిలబడి ఉంది. తలమీద కాసియన్ బూడిదరంగు ఊలు టోపీ.

ఆ టోపీ చూడగానే బుర్గికి దారంతా కూడబెట్టుకున్న మాటలు మరుపున పడ్డాయి.

"అక్కా! నువ్వేంటి ఇక్కడ?"

"ఇటు రా. నీతో పనుంది."

బస వెనక్కి, కట్టెల పంచ కిందికి తీసుకెళ్ళింది. రొప్పు తగ్గలేదు. చెప్పాల్సింది చిన్న మాటే. కానీ ఆ టోపీ ముందు తలవంచి చెప్పాలి.

"నేను నీతో అబద్ధం చెప్పాను. నిన్న. వాలు మీద ఈకల పొర ఉంది, మోకాలి లోతున. మణికట్టు తట్టుకే జారింది, మూడో దెబ్బకి. వెళ్ళొద్దు. ఎవర్నీ వెళ్ళనివ్వద్దు."

అరుస్తుందనుకుంది. ఏడుస్తుందనుకుంది. అఫ్రా రెండూ చెయ్యలేదు. టీ తాగుతున్న ఫ్లాస్కు మూత కట్టెల మీద పెట్టి, "తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"నిన్న మూడింటికి నీ వెనకే పైకొచ్చాను. నీ గొయ్యి చూశాను. ఇంకాస్త పైన, రాతిగట్టు పక్కన, నేనూ ఒకటి తవ్వాను. నాకు రెండో దెబ్బకే జారింది."

బుర్గికి ఒక్క క్షణం అర్థం కాలేదు. "మరి ఆరింటికి ఫోన్ చేసి అడిగావే?"

"అడిగాను."

"తెలిసే అడిగావా?"

"తెలిసే అడిగాను." అఫ్రా మొహం ఎర్రబడింది. "చెబుతావా లేదా చూద్దామని. నువ్వు చెప్పలేదు. నాకు... ఏం దాచను, సంతోషమేసింది."

"సంతోషమా!"

"అవును! నీకేం తెలుసు నా బాధ? నేనొక్క మాట చెబితే చాలు, 'బుర్గి ఏమంది? బుర్గి చూసిందా? బుర్గిని అడిగావా?' ఎక్కే దారంతా ఇవాళ కూడా అదే పాట. పక్కన నేను ఊపిరాడక చస్తూ గాడి తీస్తుంటే, నువ్వు ఎప్పుడో ఏ గొయ్యిలో ఏం చూశావో చెబుతున్నాడు కాసియన్! నాన్న పుస్తకం నీకిచ్చాడు. ఊరు నీ మాట వింటుంది. అతనూ అంతే. నాకు మిగిలిందేంటి? సంఘం పెద్ద అనే పేరు, ఒక కుర్చీ!"

రెండో గాడి ఎందుకు తీశారో, అందులో ఎవరి కబుర్లు దొర్లాయో బుర్గికి ఇప్పుడు తెలిసింది. పొద్దుటినుంచీ తను కాలుతున్న మంటలోనే చెల్లెలు కూడా ఇన్ని నెలలూ కాలిందన్నమాట. సంతోషించాలో, చెంప పగలగొట్టాలో తెలియలేదు.

"ఏం చేద్దామనుకున్నావు?"

"ఇక్కడ ఆపి, అందరి ముందూ గొయ్యి తవ్వి చూపించి, వెనక్కి తిప్పుదామనుకున్నాను. 'మీ బుర్గి ఏమీ లేదందే' అని ఒక్కసారి అతని మొహంలోకి చూసి అందామనుకున్నాను. అంతే. ఎవరికీ ఏమీ కానిచ్చేదాన్ని కాదు."

"సరే. ముందు కాసియన్‌కి చెప్పు. ఏడీ?"

"కట్టెలకొచ్చాడు. ఇక్కడే..."

పంచ కింద వాళ్ళిద్దరే ఉన్నారు. ఇద్దరూ ఒకేసారి మూల తిరిగారు. గోడ దగ్గర కూర్చున్న ఆడమనిషి, రోస్వితా అని, అరవయ్యేళ్ళ దిట్టమైన మనిషి, రొట్టె నములుతూ తలెత్తింది. ఆ ఎత్తులో 'మీరు' అనేది లేదు. అడవి దాటాక అందరూ అందరికీ నువ్వే.

"కాసియన్‌నా? కట్టెలు లోపల పడేసి ముందుకెళ్ళిపోయాడమ్మా, మేము తినేలోపు గాడి తీసి ఉంచుతానని. నేను భయంలేదా అనడిగితే, 'బుర్గి నిన్ననే చూసింది, ఏమీ లేదంది. ఆ మనిషి చెబితే నాకు ఇంక రెండోమాట అక్కర్లేదు' అన్నాడు. అన్నట్టు, నువ్వేనా బుర్గివి?"

బుర్గి దిబ్బ చివరికి పరుగెత్తింది.

*

వైస్‌కార్ వాలు వాళ్ళెదురుగా దుప్పటి ఆరేసినట్టు తెల్లగా, నున్నగా ఉంది. దాని మధ్యకి సన్నటి గాడి. గాడి చివర నల్లటి చుక్క.

కొండ అడ్డుంటే పలకని వాకీటాకీని బుర్గి ఇప్పుడు నోటిదగ్గర పెట్టుకుంది. "కాసియన్. ఉన్నచోట ఉన్నట్టే ఆగు."

చుక్క ఆగింది. గరగరమని గొంతు వినబడింది. "బుర్గీ? నువ్వెక్కణ్ణుంచి ఊడిపడ్డావ్?"

"నీ కాళ్ళ కింద ఈకల పొర ఉంది. మోకాలి లోతున. మణికట్టు తట్టుకే జారుతోంది."

వాకీటాకీ మళ్ళీ గరగరమంది.

"ఏమీ లేదన్నావటగా."

"ఉంది."

"సరే." అతని గొంతులో నవ్వు పోయింది. "ఎటు రమ్మంటావ్?"

అతనికి ఎడమపక్క, ముప్ఫై అడుగుల పైన, రాతిగట్టు మంచులోంచి వెన్నెముకలా పొడుచుకొచ్చి ఉంది. వెనక్కి వస్తే కొండ భుజం దాకా నూటయాభై అడుగులు. "పైకి, గట్టు మీదికి..." అనబోతుంటే అఫ్రా ఆమె చెయ్యి పట్టుకుని వాకీటాకీ తనవైపు లాక్కుంది.

"గట్టు వద్దు! వచ్చిన గాడిలోనే వెనక్కి రా!"

"నూటయాభై అడుగులే పిచ్చిదానా! ముప్ఫై అడుగులెక్కడ, నూటయాభై ఎక్కడ!"

"గట్టు దగ్గర మంచు పలచనక్కా! పొర పైపైనే ఉంటుంది. అక్కడ కాలు పెట్టడమంటే తాళంలో చెవి తిప్పడమే. నేను తవ్వింది అక్కడే, చెప్పాగా, రెండో దెబ్బకి!"

"ఇద్దరూ ఒకేసారి అరవకండి," అన్నాడు కాసియన్. గొంతు వణికిందో, చలికి అలా వినబడిందో. "ఎవరి మాట వినను?"

ఆ ప్రశ్నకి బుర్గి గుండె ఒక్కసారి ఎగిసింది. ఆమె దాన్ని గమనించింది, సిగ్గుపడింది కూడా. 'నా మాట వింటాడు. నేనంటే వింటాడు.' ఒక్క మాట చాలు. ఆ నల్లచుక్క తనవైపు, తను చూపిన వైపు కదులుతుంది. అఫ్రా పక్కన నిలబడి చూడాల్సిందే. ఐదేళ్ళుగా ఎదురుచూసింది ఇదే కదా!

కానీ రాళ్ళ దగ్గరి మంచుని నమ్మకూడదని పదేళ్ళప్పుడే తండ్రి నేర్పాడు. భయంలో దగ్గరగా ఉన్నదే రక్షణ అనిపించింది, అంతే. చెల్లెలు చెప్పింది నిజం. అది కొలిచి చెప్పిన నిజం.

బుర్గి వాకీటాకీ తీసుకుంది. "అఫ్రా మాట విను. గాడిలోనే వెనక్కి రా. సంచి పట్టీలు వదులు చెయ్. నిలబడ్డచోటే ఒక్కో స్కీ ఎత్తి తిప్పుకో, బరువు వెయ్యకు. మధ్యలో ఆగకు."

"సరే" అన్నాడు. ఎందుకనీ అడగలేదు.

చుక్క మెల్లిగా తిరిగింది. కదిలింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నారో ఇద్దరికీ తెలియదు. నూరు. డెబ్భై. నలభై.

"వుమ్మ్."

చప్పుడు చెవికి కాదు, అరికాళ్ళకి వినబడింది. వాలు నెత్తిన, ఆ చివరినుంచి ఈ చివరికి, కత్తితో గీసినట్టు నీలం గీత పాకింది. దుప్పటంతా ఒక్కసారిగా పలకలు పలకలుగా పగిలి కదిలింది.

"తిన్నగా! తిన్నగా పో!" అఫ్రా కేక ఆ హోరులో కలిసిపోయింది.

చుక్క ఇక గాడిని వదిలేసి, కొండ భుజం వైపు బాణంలా దూసుకొచ్చింది. దాని వెనక నేల లేదు. తర్వాత ఏమీ కనబడలేదు. తెల్లటి పొగ దిబ్బ మీదికెగసి బసనీ మనుషుల్నీ కప్పేసింది. బుర్గి మోకాళ్ళ మీద కూలబడి చేతుల్తో మొహం మూసుకుంది. నోట్లో, ముక్కులో మంచు.

పొగ తేలిపోయాక చూస్తే, కొండ భుజం మీద స్కీకర్ర ఊపుతూ మనిషి నిలబడి ఉన్నాడు.

అఫ్రా ఏడుపు మొదలెట్టింది. బుర్గికి ఏడుపు రాలేదు. ఆమె కిందికి చూస్తోంది. తండ్రి రాసిన ముప్ఫయ్యేళ్ళ లెక్కల్లో వైస్‌కార్ చరియ ఎన్నడూ వాగు దాటలేదు. ఇవాళ వాగునీ, అవతలి చదునునీ మింగేసి దిబ్బ మొదట్లో వచ్చి ఆగింది. ఇంటి గుమ్మాలంతేసి దిమ్మలు ఒకదానిమీదొకటి పడి ఉన్నాయి.

కాసియన్ రెండు నిమిషాల్లో దిగొచ్చాడు. పెదవులు తెల్లబడి ఉన్నాయి. స్కీలు విప్పకుండానే అఫ్రా తలని గుండెకి హత్తుకున్నాడు. "గట్టు మీదికెళ్ళుంటే ఈపాటికి వాగు అడుగునుండేవాణ్ణి. నీ మాటే నన్ను బతికించింది."

బుర్గి చూసింది. అంత చావు కళ్ళముందునుంచి పోయాక కూడా ఆ చెయ్యి చెల్లెలి తలమీద ఉండటం ఆమెకి గుచ్చుకుంది. మనిషి గుండె ఇంత సిగ్గులేనిదా అనుకుంది.

"సరే గానీ, మీకెలా తెలిసింది?" అన్నాడు కాసియన్ తలెత్తి. "పొద్దున ఏదైనా కబురొచ్చిందా?"

అఫ్రా అక్క వైపు చూసింది. కళ్ళల్లో బతిమాలుతోంది. కబురొచ్చిందంటే సరిపోతుంది. ఇద్దరి గుట్టూ ఈ మంచు కిందే పడుంటుంది. అతను ఇద్దర్నీ మెచ్చుకుంటాడు.

"నాకు నిన్ననే తెలుసు కాసియన్," అంది బుర్గి. "గొయ్యిలో చూశాను. పుస్తకంలో రాశాను. ఏమీ లేదని చెప్పాను."

"మర్చిపోయావేమో..."

"మర్చిపోలేదు. నువ్వు దానితో తిరగడం ఓర్వలేక చెప్పలేదు."

కాసియన్ చెయ్యి అఫ్రా తల మీదినుంచి జారిపోయింది. బుర్గి మొహంలోకి చూశాడు, తెలియని మనిషిని చూసినట్టు.

"నేను నీ మాట నమ్మే ఆ వాలు ఎక్కాను," అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

అఫ్రా పెదవి కదిలింది. "కాసియన్, నేను కూడా..."

"డెట్‌లెఫ్ ఏడీ?"

బస తలుపులోంచి రోస్వితా గొంతు. ముగ్గురూ తిరిగారు.

"మా ఆయన. ఇటొచ్చాడా? టీకి నీళ్ళు అయిపోయాయంటే బిందె తీసుకుని వాగుదాకా వెళ్ళాడు. మంచులో బుర్గి తవ్విన గుంట ఉందట కదా, అక్కడికి. ఇంకా..." ఆమె చూపు దిబ్బ కిందికి పోయింది. మాట ఆగిపోయింది.

వాగు ఉన్నచోట వాగు లేదు.

చరియ ఆగి అప్పటికి నాలుగు నిమిషాలు. మంచు కింద మనిషికి పావుగంట. ఆ కొండల్లో పుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేని లెక్క అది.

"అందరూ బీపర్లు వెతికే మీటకి తిప్పండి!" అఫ్రా గొంతు చీరుకుపోయింది. "అందరూ! ఇప్పుడే!"

కాసియన్ సంచిలోంచి మంచులో పొడిచి వెతికే పొడుగు చువ్వ లాగి, మడతలు విప్పుకుంటూ కిందికి దూకాడు. బుర్గి మెడలోని బీపర్ తీసింది. మంచు కింద ఉన్నవాడి బీపర్ కూతని పట్టి, ఎన్ని మీటర్ల దూరమో చూపే చిన్న తెర మీద అంకె వెలిగింది. ఇరవయ్యెనిమిది. దొరికాడు! దిమ్మల మీదుగా వాగు వైపు పరుగెత్తింది. ముప్ఫయ్యొకటి. ముప్ఫయ్యారు. దూరం పెరుగుతోంది. వెనక్కి తిరిగింది. ఇరవై. పద్నాలుగు. బాణం గుర్తు దిబ్బ పైకి చూపిస్తోంది. తొమ్మిది. నాలుగు. బుర్గి తలుపు తోసుకుని లోపలికెళ్ళింది.

పొయ్యి పక్కన మేకుకి తడి కోటు వేలాడుతోంది. దానికిందే డెట్‌లెఫ్ బీపర్, ఎర్రదీపం ఆర్పుతూ వెలిగిస్తూ, బుద్ధిగా కూస్తోంది.

"రెండడుగులకి ఎందుకూ, మెడ నొప్పి అన్నాడు," రోస్వితా గుమ్మంలో నిలబడి ఎవరితోనో చెబుతున్నట్టు అంది. "రెండడుగులే కదా అన్నాడు."

బుర్గి బయటికొచ్చింది. కింద, ఊరి చర్చి ముందరి మైదానమంత మేర మంచు దిమ్మలు. పొడవడానికి మూడు చువ్వలు. ఆ మంచులో ఆనవాలు పట్టడానికి ఒక రాయి లేదు, పొద లేదు.

దిమ్మల మధ్య నిలబడి కాసియన్ తలెత్తాడు.

"నీళ్ళ గుంట తవ్వింది నువ్వు. సరిగ్గా ఎక్కడ?" కొండంతా వినబడేలా అరిచాడు. "బుర్గీ! ఈసారైనా నిజం చెప్పు!"

బుర్గి చెయ్యెత్తింది. వేలు చూపించబోతున్నచోటే, దిమ్మల మీద, అఫ్రా అప్పటికే వెనక్కి వెనక్కి నడుస్తూ తల అడ్డంగా ఊపుతోంది.

"అక్కా, అక్కడ కాదు! చరియ అతన్ని ఇటు తోసుకొచ్చి ఉంటుంది!"